రంపపు పొట్టుతో ఇంధన బిళ్ళలు: ఒక వడ్రంగి షెడ్డులో చేసిన పని వివరాలు

నలుగురు పనిచేసే చిన్న వడ్రంగి షెడ్డు అది. ఒక రంపం మెషీను, ఒక చిత్రిక మెషీను ఉన్నాయి. వారం తిరిగేసరికి బస్తాల కొద్దీ పొట్టు పోగవుతుంది. మూలన పోసిన గుట్ట పెరిగి దారికి అడ్డం వచ్చినప్పుడు బయటకు లాగి నిప్పు పెట్టేవారు. ఆ గుట్ట మంటగా మండదు, రోజుల తరబడి లోలోపల రాజుకుంటూ పొగ వదులుతుంది. ఇరుగుపొరుగుతో మాటామాటా వచ్చాక షెడ్డు యజమాని నన్ను పిలిచి, "ఈ పొట్టుకి ఏదో ఒక దారి చూపించండి సార్, దీంతో రోజూ టెన్షనే" అన్నారు. షెడ్డు వెనక నీళ్లు కాచే పొయ్యి ఒకటి ఉంది. దానికి కట్టెలు కొంటున్నారు. పక్కనున్న ఆఫీసు నుంచి పాత కాగితాలు ఊరికే దొరుకుతాయి. కరెంటు మెషీను కొనకుండా, ఉన్న చేతులతో, ఈ రెండు చెత్తల్నీ కలిపి ఆ పొయ్యికి సరిపడా బిళ్ళలు చేయగలమా అన్నదే మా ముందున్న పని.

చేయగలం. చేశాం కూడా. కానీ ఈ పనిలోకి దిగేవాళ్లంతా ముందు ప్రెస్సు గురించే ఆలోచిస్తారు. లివర్ ఎంత పొడవుండాలి, జాకీ ఎన్ని టన్నులది కావాలి అని అడుగుతారు. నా అనుభవంలో ప్రెస్సు రెండో విషయం. అసలు లెక్క నీళ్లది. ఎన్ని నీళ్లు పోశాం, ఎన్ని పిండాం, మిగిలినవి ఎన్నాళ్లకు ఆరతాయి అన్నది తేలితే మిగతాదంతా వడ్రంగి పనే, అది వాళ్లకు నేను చెప్పక్కర్లేదు.

ముందుగా, పొట్టుని పొట్టుగానే ఎందుకు కాల్చలేమో చూద్దాం. సన్నటి పొట్టు గుట్టగా పడినప్పుడు రేణువుల మధ్య గాలి ఆడదు. పైపొర కాలుతుంది, లోపలి పొరకు ఆక్సిజన్ అందక పొగ మాత్రమే వస్తుంది. ఆ పొగలో కాలాల్సిన వాయువులే కాలకుండా పోతుంటాయి. అదే పొట్టుని గట్టి దిమ్మెగా చేసి మధ్యలో రంధ్రం పెడితే గాలికి దారి దొరుకుతుంది, మంట ఆ రంధ్రంలో పైకి లాగుతుంది.

ఫ్యాక్టరీల్లో పొట్టు బ్రికెట్లకు, అంటే అదిమి చేసిన ఇంధన దిమ్మెలకు, జిగురు కలపరు. వందల బార్ల ఒత్తిడి కింద (ఒక బారు అంటే ఇంచుమించు మన చుట్టూ ఉన్న గాలి ఒత్తిడి), వేడికి, చెక్కలోనే ఉండే లిగ్నిన్ అనే పదార్థం మెత్తబడి జిగురులా పనిచేస్తుంది. అక్కడ పొట్టు పొడిగా ఉండాలి, తేమ 10 శాతం అటూ ఇటూ ఉంటే చాలు. చేతి ప్రెస్సుతో ఆ ఒత్తిడి రాదు, ఆ వేడీ రాదు. అందుకని మనం పూర్తిగా వ్యతిరేక దారిలో వెళ్తాం. పొట్టుని నీళ్లలో తడిపి, కాగితపు గుజ్జు కలిపి, నీళ్లు పిండి, ఆరబెడతాం. కాగితం నానినప్పుడు దాని పీచు విడిపోతుంది. పిండినప్పుడు ఆ పీచు పొట్టు రేణువుల చుట్టూ అల్లుకుంటుంది. ఆరేటప్పుడు పీచుకీ పీచుకీ మధ్య హైడ్రోజన్ బంధాలు ఏర్పడి బిగుసుకుంటుంది. కాగితం తయారయ్యేది కూడా ఇలాగే. ఒత్తిడి అతికించదు, పీచుని దగ్గరకు చేరుస్తుంది. ఈ ఒక్క విషయం అర్థమైతే జాకీ సైజు గురించి బెంగ తగ్గుతుంది.

సరుకు ఏరడం దగ్గర నేను కొంచెం మొండిగా ఉన్నాను. షెడ్డులో ప్లైవుడ్, ఎండీఎఫ్ (చెక్క పీచుని జిగురుతో అదిమి చేసిన పలక) కూడా కోస్తారు. వాటి పొట్టులో యూరియా ఫార్మాల్డిహైడ్ లాంటి జిగుర్లు ఉంటాయి, కాలిస్తే వచ్చే పొగ పీల్చదగ్గది కాదు. మందు పట్టించిన కలప ఇంకా ప్రమాదం. చెద పట్టకుండా రాగి, క్రోమియం, ఆర్సెనిక్ ఎక్కించిన కలప పొట్టు కాలిస్తే ఆర్సెనిక్ కొంత పొగలోకి, కొంత బూడిదలోకి చేరుతుంది. రంగు వేసిన పాత తలుపులు, సన్‌మైకా అంటించిన ముక్కలు కోసినప్పుడు వచ్చే పొట్టుదీ అదే కథ. ఒకే మెషీను మీద అన్నీ కోస్తే పొట్టు కలిసిపోతుంది. అందుకని జిగురు, మందు తగలని మామూలు కలప కోసే రోజు, ప్లైవుడ్ కోసే రోజు వేరు చేసుకోమన్నాను. మొదట షెడ్డులోని పెద్దాయన ఒప్పుకోలేదు. "గిరాకీ వచ్చిన రోజు వచ్చినట్టు కోయాలి గానీ, పొట్టు కోసం పని ఆపుకుంటామా?" అన్నారు. చివరికి ప్లైవుడ్ పనిని మధ్యాహ్నాలకు మార్చి, మెషీను కింద గోనె పట్టా మార్చే పద్ధతి పెట్టారు. అది రోజులు వేరు చేయడం కంటే తేలిక, నాకు తట్టనిది.

చిత్రిక మెషీను నుంచి వచ్చే చుట్టలు ఈ పనికి అంత మంచివి కావు. అవి స్ప్రింగుల్లా నొక్కినప్పుడు అణిగి, వదలగానే లేచి బిళ్ళను లోపలి నుంచి పగలగొడతాయి. వాటిని పొయ్యి రాజేయడానికి పక్కన పెట్టుకున్నాం. రంపపు పొట్టుని 5 మిల్లీమీటర్ల జల్లెడ పట్టి, జల్లెడలో మిగిలిన పుడకల్ని కూడా రాజేయడానికే పక్కన పెట్టాం. జల్లించేటప్పుడు ముక్కుకి మాస్కు తప్పనిసరి. చెక్క ధూళిని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ క్యాన్సర్ కారకాల మొదటి వర్గంలో పెట్టింది. వడ్రంగులు దీన్ని రోజూ పీలుస్తూ తేలిగ్గా తీసుకుంటారు. ఈ ఒక్క చోట నేను మర్యాద పక్కన పెట్టి గట్టిగానే చెప్పాను.

కాగితాల్లో న్యూస్‌పేపరు అన్నిటికన్నా మేలు. త్వరగా నానుతుంది, తేలిగ్గా విడిపోతుంది, బూడిద తక్కువ. అట్టపెట్టెలు కూడా బాగుంటాయి, పీచు పొడుగ్గా ఉంటుంది కాబట్టి బిళ్ళ బలంగా వస్తుంది. కాకపోతే ఎక్కువసేపు నానాలి, టేపులు పీకేయాలి. ఆఫీసు తెల్ల కాగితంలో నునుపు కోసం, తెలుపు కోసం సున్నపురాయి పొడి లాంటి ఖనిజాలు కలుపుతారు. బరువులో ఐదో వంతు దాకా అదే ఉండొచ్చు. అది కాలదు, బూడిదగా మిగులుతుంది. మెరిసే పత్రికల కాగితంలో ఇది ఇంకా ఎక్కువ, చైనా క్లే అనే తెల్లమట్టి కూడా ఉంటుంది. కాబట్టి మెరిసే కాగితం వద్దన్నాం. బిల్లుల మెషీన్లలో వాడే థర్మల్ కాగితం, లోపల ప్లాస్టిక్ పూత ఉన్న కప్పులు అసలే వద్దు. మాకు దొరికిందేమో ఎక్కువగా ఆఫీసు కాగితమే. దానికి సగం అట్టపెట్టెలు కలిపి సర్దుకున్నాం.

నానబెట్టడం పెద్ద విద్య కాదు. కాగితాన్ని అరచేతి సైజు ముక్కలుగా చించి తొట్టెలో వేసి, మునిగేదాకా నీళ్లు పోసి ఒక రోజు వదిలేస్తాం, అట్టకైతే రెండు రోజులు. గోరువెచ్చని నీళ్లయితే ఇంకా త్వరగా నానుతుంది. తర్వాత రంగు కలిపే కడ్డీని డ్రిల్లుకి బిగించి తిప్పితే గుజ్జు తయారు. చిన్న చిన్న కాగితపు రేకులు మిగిలినా ఫర్వాలేదు. ఎక్కువ రోజులు వదిలేస్తే మాత్రం కంపు కొడుతుంది.

పాళ్ల విషయంలో కొంచెం ఆగాలి. ఎండు బరువుల్లో లెక్క కట్టాం, ఎందుకంటే తడి గుజ్జుని తూచడం అర్థం లేని పని. కాగితం, పొట్టు సమానంగా వేస్తే బిళ్ళ రాయిలా ఉంటుంది గానీ గుజ్జు అచ్చు రంధ్రాల్ని మూసేసి నీళ్లు దిగవు, ఆరడం ఆలస్యం, బూడిదా ఎక్కువ. పొట్టు ఐదు పాళ్లు, కాగితం ఒక పాలు వేస్తే నీళ్లు సులువుగా దిగిపోతాయి, కానీ అంచులు రాలతాయి, చేతిలోంచి జారి పడితే రెండు ముక్కలు. మూడు పాళ్ల పొట్టుకి ఒక పాలు కాగితం దగ్గర స్థిరపడ్డాం. అంటే నూటికి 25 శాతం కాగితం. న్యూస్‌పేపరు మాత్రమే వాడగలిగితే 20 శాతంతో కూడా నిలబడుతుంది.

తూకం అవసరం లేకుండా చూసే పద్ధతి ఒకటి ఉంది, పని మొదలుపెట్టాక అందరూ దాన్నే వాడారు. గుప్పెడు మిశ్రమం తీసి గట్టిగా పిసకాలి. వేళ్ల సందుల్లోంచి నీళ్లు రావాలి, మిశ్రమం రాకూడదు. మిశ్రమమే జారుతూ వస్తుంటే గుజ్జు ఎక్కువైనట్టు. గుప్పిట తెరిచాక ముద్ద పొడిపొడిగా విడిపోతే గుజ్జు తక్కువైనట్టు. ముద్దని రెండు వేళ్లతో పట్టి ఊపినా నిలిచిందంటే సరిపోయింది. షెడ్డులో పనికి కొత్తగా చేరిన కుర్రాడు ఇందులో అందరికంటే చురుకు. తూచి కలిపిన దానికీ అతను చేత్తో చూసి కలిపిన దానికీ తేడా కనపడలేదు.

అచ్చుకి 4 అంగుళాల పీవీసీ పైపు ముక్క తీసుకుని చుట్టూ 4 మిల్లీమీటర్ల రంధ్రాలు పెట్టాం. లోపల అంచుల్ని ఉప్పు కాగితంతో నున్నగా రుద్దాలి, లేకపోతే బిళ్ళ బయటకు వచ్చేటప్పుడు గీసుకుని చీలుతుంది. మధ్యలో 25 మిల్లీమీటర్ల కడ్డీ. దాని మీద ఎక్కేలా రంధ్రం ఉన్న గట్టి చెక్క బిళ్ళలు పైన ఒకటి, కింద ఒకటి. జాకీతో నొక్కినప్పుడు పైపు ఉబ్బింది, అందుకే ఇనప పట్టీలు బిగించాం. రోజూ చేసే పనికైతే చిల్లుల స్టీలు రేకు చుట్టి వెల్డింగ్ చేయించిన అచ్చే మంచిది.

రెండు రకాల ప్రెస్సుల్నీ పోల్చి చూశాం. వడ్రంగులు మిగిలిన దూలాలతో పొడవాటి లివర్ ప్రెస్సు కట్టారు. లివర్ లాభం పదింతలనుకుంటే, మనిషి 60 కిలోల బరువు మోపితే బిళ్ళ మీద 600 కిలోల భారం పడుతుంది. బిళ్ళ విస్తీర్ణం సుమారు 74 చదరపు సెంటీమీటర్లు కాబట్టి ఒత్తిడి 8 బార్లు. రెండో దానికి 2 టన్నుల హైడ్రాలిక్ జాకీ, అది పూర్తిగా నొక్కితే 27 బార్ల దాకా ఇస్తుంది. మూడింతలకు పైగా ఒత్తిడి పెరిగినా, ఆరిన బిళ్ళ సాంద్రత పెరిగింది ఐదో వంతు మేరకే. కారణం, వదలగానే పొట్టు మళ్లీ కొంత లేస్తుంది. ఎంత గట్టిగా నొక్కామన్న దానికన్నా ఎంతసేపు పట్టి ఉంచామన్నది ముఖ్యం. లివర్ మీద ఒక నిమిషం పాటు బరువు ఆనించి ఉంచితే, నొక్కి వెంటనే తీసేసిన జాకీ బిళ్ళకు ఇంచుమించు దీటుగా వచ్చింది. పైగా జాకీ పంపు కొట్టి, విడుదల చేసి, మళ్లీ అమర్చేలోపు లివర్ మీద రెండు బిళ్ళలు పడతాయి. వాళ్లు జాకీని దాని పాత పనికి పంపేశారు. పిండిన నీళ్లు ట్రేలో పడి తిరిగి తొట్టెలోకే వెళ్తాయి. సన్నటి పీచూ వృథా కాదు, నీళ్లూ ఆదా.

ఇక నీళ్ల లెక్క. అచ్చులోంచి తీసిన తడి బిళ్ళ దాదాపు 350 గ్రాములు తూగింది. పూర్తిగా ఆరాక 120. అంటే ఒక్కో బిళ్ళ నుంచి 230 గ్రాముల నీళ్లు గాలిలోకి పోవాలి. రోజుకు 10 కిలోల ఎండు బిళ్ళలు కావాలంటే దాదాపు 83 బిళ్ళలు, ఆవిరి కావాల్సిన నీళ్లు 19 కిలోలు. ఎండ బాగా ఉన్నప్పుడు ఆరడానికి ఐదు రోజులు పడుతుందనుకుంటే, ఏ రోజు చూసినా అరల మీద 400కి పైగా బిళ్ళలు ఉంటాయి. ఒక్కోదానికి చుట్టూ గాలి ఆడే సందుతో కలిపి 12 సెంటీమీటర్ల చదరం ఇస్తే 6 చదరపు మీటర్ల అర కావాలి. మబ్బు పట్టి ఆరడానికి పది రోజులైతే అంతకు రెట్టింపు. ఈ లెక్క వేసి చూపించేదాకా యజమాని రెండో ప్రెస్సు కట్టిద్దామనే ఆలోచనలో ఉన్నారు. కట్టినా లాభం లేదు, చేసిన బిళ్ళలు పెట్టడానికి చోటే ఉండదు. ఆ దూలాలు, రీపర్లు అన్నీ అరలకే పోయాయి. ఇనప జాలీ పరిచిన నాలుగంతస్తుల అరలు, పైన వానకు రేకు, నాలుగు వైపులా గాలి.

బిళ్ళల్ని జాలీ మీద పడుకోబెట్టే కంటే నిలబెడితే మధ్య రంధ్రంలోంచి అడ్డంగా గాలి వెళ్లి లోపలి నుంచి కూడా ఆరతాయి. తడిగా ఉన్నప్పుడు నిలబెడితే ఆకారం చెడుతుంది కాబట్టి మొదటి రోజు పడుకోబెట్టి, మర్నాడు నిలబెట్టాలి. పైన చెయ్యి పెడితే పొడిగా తగులుతుంది, దాన్ని నమ్మొద్దు, మధ్యలో ఇంకా చెమ్మ ఉంటుంది. ప్రతి విడతలో ఒక బిళ్ళకు రంగు చుక్క పెట్టి రోజూ దాన్ని తూచమన్నాను. వరసగా రెండు రోజులు బరువు మారకపోతే ఆ విడత అయిపోయినట్టు. అప్పటికి తేమ ఆనాటి గాలి తేమను బట్టి 10 నుంచి 15 శాతం మధ్య ఉంటుంది. ముసురు పట్టినప్పుడు బూజు వచ్చిన బిళ్ళలు కొన్ని కనిపించాయి. తొలిదశలోనే ఎండలోకి లాగితే కాల్చడానికి పనికొస్తాయి గానీ, ఆ బూజుని దులపకూడదు, పీల్చకూడదు.

ఆరని బిళ్ళ కాల్చితే ఏం పోతుందో అంకెల్లో చూస్తే బాగా తెలుస్తుంది. 10 శాతం తేమ ఉన్న కిలో బిళ్ళల నుంచి సుమారు 15 మెగాజౌళ్ల (మెగాజౌల్ అనేది వేడిని కొలిచే ప్రమాణం) వేడి వస్తుంది. 30 శాతం తేమ ఉంటే 11 మాత్రమే. ఎందుకంటే కిలోలో కాలే సరుకు తగ్గింది, ఉన్న వేడిలో కొంత ఆ నీళ్లను ఆవిరి చేయడానికే పోతుంది. దానికి తోడు మంట చల్లబడి పొగ. జాకీతో సాధించే లాభం ఏదైనా ఈ తేడా ముందు చిన్నదే.

పొయ్యి దగ్గర పరీక్ష ఇలా చేశాం. 5 లీటర్ల నీళ్లు 25 డిగ్రీల నుంచి మరగడానికి కావాల్సిన వేడి 1.6 మెగాజౌళ్లు. పొయ్యి ఐదో వంతు వేడినే గిన్నెకి అందిస్తుందనుకుంటే 8 మెగాజౌళ్ల ఇంధనం, అంటే అర కిలో పైచిలుకు, నాలుగైదు బిళ్ళలు. వాళ్ల పాత పొయ్యి మీద ఐదు పట్టాయి, లెక్కకు దగ్గరే. తర్వాత పొయ్యికి కింద గాలి రావడానికి ఇనప జల్లి అమర్చి, గిన్నె చుట్టూ సందు తగ్గిస్తూ రేకు చుట్టాం. నాలుగో బిళ్ళ పూర్తిగా కాలకముందే నీళ్లు మరిగాయి. ఇంధనం నాణ్యత గురించి అంత పాటుపడి, పొయ్యిని అలాగే వదిలేయడం చాలా చోట్ల చూస్తాను, నాకది అర్థం కాదు.

కట్టెలతో పోలిస్తే కిలోకి కిలో వేడి ఇంచుమించు సమానమే. కానీ ఈ బిళ్ళ తేలిక. ఘన సెంటీమీటరుకు 0.3 నుంచి 0.4 గ్రాములు. మామూలు వంటచెరుకు దాదాపు దీనికి రెట్టింపు బరువు. కాబట్టి పొయ్యిలో ఎక్కువ చోటు తీసుకుంటుంది, ఎక్కువసార్లు వేయాలి. నిప్పు అంటుకోవడానికి చిత్రిక చుట్టలు, ఎండు పుడకలు కింద పెట్టి, బిళ్ళల్ని రంధ్రాలు ఒకే వరసలో వచ్చేలా పేర్చాలి. మంట తగ్గి ఎర్రగా కణకణలాడే దశలో పొగ కనిపించదు గానీ కార్బన్ మోనాక్సైడ్ వస్తూనే ఉంటుంది. చలికాలంలో మూసిన గదిలోకి ఈ నిప్పుల కుంపటి తెచ్చుకోవడం ప్రాణం మీదకు తెచ్చుకోవడమే. ఈ మాట షెడ్డు గోడ మీద పెద్ద అక్షరాలతో రాయించాం.

నిల్వ దగ్గర ఒక ముప్పు ఉంది. చెక్కపొట్టు, కాగితం, ఈ రెండూ చెదలకు ఇష్టమైనవే. బిళ్ళల్ని నేల మీద, గోడకు ఆనించి పేరిస్తే ఒక్క సీజను చాలు. ఇటుకల మీద పట్టెలు వేసి, గోడకు జానెడు దూరంగా పేర్చి, గాలి ఆడేలా గోనె కప్పారు. ప్లాస్టిక్ పట్టాలో చుట్టేస్తే మిగిలిన చెమ్మ లోపలే ఉండి బూజు పడుతుంది. తడిసిన పొట్టు గుట్ట విషయంలోనూ జాగ్రత్త అవసరం. సూక్ష్మజీవుల వల్ల లోపల వేడి పుడుతుంది, పెద్ద గుట్టయితే తనంతట తనే రాజుకునే ప్రమాదం ఉంది. చిన్న చిన్న కుప్పలుగా, పొడిగా ఉంచడమే మార్గం.

ఇప్పుడు ఆ పొయ్యికి కట్టెలు కొనడం లేదు. ఎండాకాలంలో ఎక్కువ చేసి, వానలకు దాచుకుంటున్నారు. అయితే పొట్టు మొత్తం ఖర్చు కావడం లేదు, అడ్డుపడుతున్నది కాగితం. 75 కిలోల పొట్టుకి 25 కిలోల ఎండు కాగితం కావాలి. పక్కాఫీసు అంత ఇవ్వలేదు. గంజి కలిపి కాగితం తగ్గించొచ్చా అని యజమాని అడిగారు. గంజి అతికిస్తుంది, కానీ దాన్ని ఉడికించడానికి మళ్లీ ఇంధనం కావాలి, వానాకాలంలో బూజుకి అదే మేత. మట్టి కలపమని కొందరు సలహా ఇస్తారు, అప్పుడు బూడిద పెరిగి వేడి తగ్గుతుంది. రెండూ వద్దన్నాను. మిగిలిన మామూలు కలప పొట్టుని కంపోస్టు గుంతలో పొరలు పొరలుగా వేస్తున్నారు. పొట్టులో కార్బన్ ఎక్కువ, నత్రజని చాలా తక్కువ కాబట్టి ప్రతి పొర మీదా పేడ గానీ పచ్చి ఆకు గానీ వేయమని చెప్పాను. ప్లైవుడ్, ఎండీఎఫ్ పొట్టు మాత్రం ఇటు పొయ్యిలోకీ అటు గుంతలోకీ వెళ్లకుండా విడిగా బస్తాల్లో కట్టి చెత్త బండికి ఇస్తున్నారు.